మొక్కజొన్న నుంచి ఇంధన ఇథనాల్: ఉత్పత్తి, వ్యాపార లెక్కలు, నీటి ప్రశ్న

(గుమ్మఘట్ట మండలం ఆధారంగా ఒక పరిశీలన)

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• మొక్కజొన్న గింజ ఇంధన ఇథనాల్‌గా మారే దశలను వరుసక్రమంలో వివరించగలుగుతారు.
• ఒక టన్ను గింజకు ఎన్ని లీటర్ల ఇథనాల్ వస్తుందో, ఎందుకు అంతే వస్తుందో లెక్కగట్టగలుగుతారు.
• ఈ వ్యాపారంలో లాభనష్టాలను నిర్ణయించే అంశాలను గుర్తించగలుగుతారు.
• మీ ప్రాంతంలో ఇటువంటి కర్మాగారం ప్రతిపాదన వస్తే ఏ ప్రశ్నలు వేయాలో చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మన దేశంలో పెట్రోలుతో ఇథనాల్‌ను కలిపే కార్యక్రమం 2003 జనవరిలో 9 రాష్ట్రాల్లో, 4 కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలైంది. తొలి పదిహేనేళ్లలో ప్రగతి నెమ్మదిగా సాగింది. అప్పట్లో ఇథనాల్ అంటే చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ నుంచి వచ్చేదే. 2018 జాతీయ జీవ ఇంధన విధానం పాడైన ధాన్యం, నూకలు, మొక్కజొన్న వంటి ముడిసరుకులకు దారి తెరిచింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ అనే లక్ష్యానికి మొదట 2030 గడువు ఉండగా, 2022లో చేసిన సవరణ దానిని 2025-26కు ముందుకు జరిపింది. 2022 జూన్‌లో 10 శాతం, 2025లో 20 శాతం స్థాయిని దేశం చేరుకుంది.

ఈ వేగానికి మొక్కజొన్న తోడ్పడింది. 2023 జూలైలో భారత ఆహార సంస్థ ఇథనాల్ తయారీకి బియ్యం అమ్మకాన్ని నిలిపివేసింది. అదే ఏడాది డిసెంబరులో చెరకు రసం వాడకంపై ఆంక్షలు వచ్చాయి. దీంతో గింజ ఆధారిత కర్మాగారాలు మొక్కజొన్న వైపు మళ్లాయి. 2023-24 సరఫరా సంవత్సరంలో చమురు కంపెనీలు కొన్న మొత్తం ఇథనాల్‌లో ఐదింట రెండు వంతులకు పైగా మొక్కజొన్న నుంచే వచ్చింది. చిరకాలంగా మొక్కజొన్నను ఎగుమతి చేస్తూ వచ్చిన మన దేశం 2024లో ఎగుమతుల కంటే ఎక్కువగా దిగుమతి చేసుకోవలసి వచ్చింది.

ఇటువంటి పరిశ్రమ కరువు ప్రాంతానికి మేలు చేస్తుందా? ఈ ప్రశ్నను అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం. ఈ మండలంలో వేదవతి నదిపై భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. నదిని ఇక్కడ హగరి అని కూడా పిలుస్తారు. చుట్టూ ఎర్ర నేలలు. వర్షాధారంగా వేరుశనగ ప్రధాన పంట. పడమట కర్ణాటక సరిహద్దు. నీరు, పంట, రవాణా అనే మూడు అంశాలనూ ఒకేచోట చూడటానికి ఈ మండలం తగిన ఉదాహరణ.

2. గింజ నుంచి ఇంధనం వరకు

మొక్కజొన్న గింజ బరువులో సుమారు 60 నుంచి 65 శాతం వరకు పిండి పదార్థం ఉంటుంది. మిగిలినది మాంసకృత్తులు, నూనె, పీచు, ఖనిజ లవణాలు, తేమ. ఇథనాల్‌గా మారేది పిండి పదార్థం మాత్రమే. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తరువాత వచ్చే లెక్కలన్నీ సులభంగా అర్థమవుతాయి.

2.1 మర పట్టడం: గింజను జల్లించి రాళ్లు, చెత్త తీసివేస్తారు. సుత్తి మరలో పిండి చేసి నీటితో జావగా కలుపుతారు. గింజ మొత్తాన్నీ పొడిగానే మర పట్టడం వల్ల దీనిని పొడి మర పద్ధతి అంటారు. మన దేశంలోని ఇంధన కర్మాగారాలు ఎక్కువగా ఈ పద్ధతినే అనుసరిస్తాయి.

2.2 పిండిని చక్కెరగా మార్చడం: ఈస్ట్ పిండి పదార్థాన్ని నేరుగా తినలేదు. అందువల్ల జావను సుమారు 85 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమును కలుపుతారు. పొడవైన పిండి గొలుసులు చిన్న ముక్కలై, చిక్కని జావ పల్చబడుతుంది. తరువాత గ్లూకో అమైలేజ్ అనే మరో ఎంజైము ఆ ముక్కలను గ్లూకోజ్‌గా విడగొడుతుంది. అన్నం మెతుకును నోట్లో కాసేపు నమిలితే తియ్యగా అనిపించడం మనకు తెలిసినదే. లాలాజలంలోని అమైలేజ్ చేసే పనిని ఇక్కడ పెద్ద తొట్టెల్లో చేయిస్తారు.

2.3 పులియబెట్టడం: ద్రవాన్ని 30-33 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. రెండు రెండున్నర రోజుల్లో ఈస్ట్ గ్లూకోజ్‌ను ఇథనాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. చివరకు ద్రవంలో 12 నుంచి 15 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఈ చర్యలో వేడి పుడుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే ఈస్ట్ మందగిస్తుంది కనుక తొట్టెలను నిరంతరం చల్లబరచాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే అనంతపురం వంటి చోట్ల చల్లార్చే గోపురాల నుంచి ఆవిరైపోయే నీరు మరింత పెరుగుతుందని గమనించండి.

2.4 స్వేదనం, నీరు తొలగించడం: పులిసిన ద్రవాన్ని స్వేదన స్తంభాల్లో మరిగించి ఇథనాల్‌ను వేరు చేస్తారు. మామూలు స్వేదనంతో 95 శాతం దగ్గర ఆగిపోతాం. ఆ స్థాయిలో ఇథనాల్, నీరు కలిసే ఆవిరవుతాయి. పెట్రోలులో కలపాలంటే నీరు దాదాపు ఉండకూడదు. అందుకే ఆవిరిని అణు జల్లెడ గుండా పంపి 99.5 శాతానికి పైగా శుద్ధి చేస్తారు.

2.5 మిగిలినది: స్వేదనం తరువాత అడుగున మిగిలే ద్రవంలో మాంసకృత్తులు, పీచు, నూనె ఉంటాయి. ముద్దను వేరు చేసి, పల్చని ద్రవాన్ని పాకంగా ఇగిరించి, రెండింటినీ కలిపి ఆరబెడితే పశువులకు, కోళ్లకు పనికివచ్చే దాణా తయారవుతుంది. వ్యాపారంలో దీనిని డీడీజీఎస్ అంటారు.

3. టన్నుకు ఎన్ని లీటర్లు?

రసాయన లెక్క ప్రకారం 162 గ్రాముల పిండి పదార్థం 18 గ్రాముల నీటిని కలుపుకొని 180 గ్రాముల గ్లూకోజ్ అవుతుంది. ఆ 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి.

ఒక టన్ను గింజలో 600 కిలోల పిండి పదార్థం ఉందనుకుందాం. దాని నుంచి సుమారు 667 కిలోల గ్లూకోజ్, దాని నుంచి 341 కిలోల ఇథనాల్ రావాలి. లీటరు ఇథనాల్ బరువు 0.789 కిలోలు కనుక ఇది 432 లీటర్లకు సమానం. ఇది గరిష్ఠ పరిమితి. ఆచరణలో కొంత చక్కెర ఈస్ట్ పెరుగుదలకు, గ్లిసరాల్‌కు పోతుంది. కొంత పిండి మారకుండానే మిగిలిపోతుంది. అందువల్ల మన దేశంలో టన్ను మొక్కజొన్నకు సుమారు 380 లీటర్లు అనే ప్రమాణాన్ని వాడుతున్నారు. దీనితోపాటు సుమారు 300 కిలోల దాణా, దాదాపు అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. స్థూలంగా గింజ బరువు మూడు సమాన వాటాలుగా విడిపోతుందని గుర్తుంచుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) మామూలు స్వేదనంతో వచ్చిన ఇథనాల్‌ను పెట్రోలులో ఎందుకు కలపరు?
ఆ) పిండి పదార్థం 65 శాతం ఉన్న టన్ను గింజ నుంచి గరిష్ఠంగా ఎన్ని లీటర్లు రావచ్చో లెక్కించండి.

4. వ్యాపార లెక్క

ఇంధన ఇథనాల్‌కు కొనుగోలుదారులు ప్రధానంగా ప్రభుత్వ రంగ చమురు కంపెనీలే. ధర, కొనే పరిమాణం, సరఫరా గడువు అన్నీ ముందే నిర్ణయమవుతాయి. సరఫరా సంవత్సరం నవంబరు 1న మొదలై అక్టోబరు 31న ముగుస్తుంది. మొక్కజొన్న ఇథనాల్‌కు చమురు కంపెనీలు 2024 జనవరిలో లీటరుకు 5.79 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించడంతో ధర 71.86 రూపాయలకు చేరింది. మరోవైపు మొక్కజొన్న కనీస మద్దతు ధర క్వింటాలుకు 2023-24లో 2,090 రూపాయలు, 2024-25లో 2,225 రూపాయలు, 2025-26లో 2,400 రూపాయలు. అంటే అమ్మకం ధర స్థిరం, ముడిసరుకు ధర చలనం. ఈ వ్యాపారంలోని ప్రధానమైన ఇబ్బంది ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. గింజ క్వింటాలు 2,400 రూపాయలకు దొరికిందని, దాణా కిలో 15 రూపాయలకు అమ్ముడైందని, ఆవిరి, కరెంటు, ఎంజైములు, జీతాలకు లీటరుకు 12 రూపాయలు, వడ్డీ, తరుగుదలకు 5 రూపాయలు అయిందని అనుకుందాం. చివరి మూడు అంకెలు అభ్యాసం కోసం అనుకున్నవి మాత్రమే.

లీటరుకు రాబడి:
ఇథనాల్ అమ్మకం – 71.86 రూపాయలు
దాణా (300 కిలోలు × 15 ÷ 380) – 11.84 రూపాయలు
మొత్తం – 83.70 రూపాయలు

లీటరుకు ఖర్చు:
గింజ (24,000 ÷ 380) – 63.16 రూపాయలు
తయారీ ఖర్చు – 12.00 రూపాయలు
వడ్డీ, తరుగుదల – 5.00 రూపాయలు
మొత్తం – 80.16 రూపాయలు

మిగులు – 3.54 రూపాయలు

ఈ లెక్కలో మూడు పాఠాలున్నాయి. మొదటిది, మొత్తం ఖర్చులో దాదాపు నాలుగింట మూడు వంతులకు పైగా గింజదే. క్వింటాలుకు 100 రూపాయలు పెరిగితే లీటరు ఖర్చు 2.63 రూపాయలు పెరుగుతుంది. గింజ ధర సుమారు 2,535 రూపాయలు దాటితే ఈ కర్మాగారం నష్టంలోకి వెళుతుంది. రెండవది, దాణా ఉప ఉత్పత్తి అయినా లాభం దానిమీదే ఆధారపడి ఉంది. దాణా ధర కిలో 10 రూపాయలకు పడిపోతే మిగులు కరిగిపోయి లీటరుకు 41 పైసల నష్టం వస్తుంది. దేశమంతటా కర్మాగారాలు పెరిగినప్పుడు దాణా సరఫరా కూడా పెరిగి ధర తగ్గుతుంది. మూడవది, రైతుకు మంచి ధర, కర్మాగారానికి లాభం అనేవి ఒకే లీటరులోని రెండు వాటాలు. ఇథనాల్ ధర కదలనప్పుడు ఒకరి వాటా పెరిగితే మరొకరిది తగ్గుతుంది.

ఇథనాల్ గిరాకీ రైతుకు ఎల్లప్పుడూ మద్దతు ధరను హామీ ఇస్తుందని కూడా అనుకోరాదు. గుమ్మఘట్టకు పొరుగున ఉన్న కర్ణాటక దేశంలో మొక్కజొన్న ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో ఒకటి. 2025 నవంబరులో పంట ఒక్కసారిగా మార్కెట్‌కు వచ్చి ధర మద్దతు స్థాయికి దిగువకు పడిపోవడంతో, హావేరి వంటి జిల్లాల్లో రైతులు కొనుగోలు కేంద్రాల కోసం ఆందోళనకు దిగారు. కర్మాగారాల మొత్తం సామర్థ్యం చమురు కంపెనీలు కొనే పరిమాణాన్ని మించిపోయినప్పుడు, అవి కొనే గింజ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఈ గింజకు మరో పెద్ద గిరాకీదారు కోళ్ల పరిశ్రమ. దేశంలో పండే మొక్కజొన్నలో సగానికి పైగా పశువుల, కోళ్ల దాణాకే పోతుంది. అందువల్ల ఇథనాల్ వల్ల గింజ ధర పెరిగితే అనపర్తి, తణుకు ప్రాంతాల కోళ్ల రైతులకు ఖర్చు పెరుగుతుంది. చివరకు అది గుడ్డు ధరలో కనిపిస్తుంది. అమెరికాలో 2005, 2007 చట్టాల తరువాత మొక్కజొన్న పంటలో మూడో వంతుకు పైగా ఇథనాల్‌కు మళ్లింది. ఆహారమా, ఇంధనమా అనే చర్చ అక్కడి నుంచే ప్రపంచమంతటా వ్యాపించింది.

5. ఒక కర్మాగారానికి ఎంత పంట, ఎంత నీరు?

తూర్పు గోదావరి జిల్లా గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డి వద్ద రోజుకు 2 లక్షల లీటర్ల సామర్థ్యంతో, 270 కోట్ల రూపాయల పెట్టుబడితో గింజ ఆధారిత ఇథనాల్ కర్మాగారానికి 2022 నవంబరు 4న శంకుస్థాపన జరిగింది. గోదావరి నీరు, చుట్టూ వరి నూకలు, మొక్కజొన్న లభించే ప్రాంతం అది. ఇదే సామర్థ్యం గల కర్మాగారాన్ని గుమ్మఘట్టలో ఊహించుకొని లెక్క వేద్దాం.

5.1 గింజ: 2 లక్షల లీటర్లకు రోజుకు 526 టన్నుల గింజ కావాలి. 20 టన్నుల లారీలు రోజుకు 26 రావాలి. ఏడాదికి 330 రోజులు నడిస్తే సుమారు 1.74 లక్షల టన్నులు. హెక్టారుకు 5 టన్నుల దిగుబడి వచ్చినా దాదాపు 35 వేల హెక్టార్ల, అంటే 86 వేల ఎకరాల పంట ఇది. భైరవానితిప్ప ప్రాజెక్టు కింద నిర్ణయించిన ఆయకట్టు 12 వేల ఎకరాలు. ఆ మొత్తం ఆయకట్టులో మొక్కజొన్న వేసి, మంచి దిగుబడి తీసినా, ఆ గింజ కర్మాగారానికి 46 రోజులకు మించి సరిపోదు.

5.2 పంట నీరు: మొక్కజొన్నకు పంటకాలంలో 500 నుంచి 600 మిల్లీమీటర్ల నీరు కావాలి. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. రెండు అంకెలూ దగ్గరగా ఉన్నాయి కదా అని సరిపోతుందని భావించరాదు. ఆ వాన ఏడాది మొత్తానిది. అందులో కొంత పారిపోతుంది, కొంత ఆవిరవుతుంది, మిగిలినది కూడా పంటకు అవసరమైన రోజున పడదు. మొక్కజొన్న జల్లు వేసి, కంకికి పీచు వచ్చే రెండు మూడు వారాల్లో బెట్ట తగిలితే గింజ కట్టదు. వేరుశనగ కొంతకాలం బెట్టను ఓర్చుకొని, వాన పడగానే తేరుకుంటుంది. ఈ ఎర్ర నేలల్లో రైతులు వేరుశనగను వదలకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఒక హెక్టారులో ఒక మిల్లీమీటరు నీరంటే 10 వేల లీటర్లు. 500 మిల్లీమీటర్లంటే 50 లక్షల లీటర్లు. హెక్టారుకు 5 టన్నుల గింజ, దాని నుంచి 1,900 లీటర్ల ఇథనాల్ వస్తే, ఒక్కొక్క లీటరు వెనుక సుమారు 2,630 లీటర్ల పంట నీరు ఉంటుంది. అందులో కొంత దాణా ఖాతాలో వేసినా అంకె పెద్దదే.

5.3 కర్మాగారం నీరు: ఆధునిక కర్మాగారంలో లీటరు ఇథనాల్‌కు 3 నుంచి 5 లీటర్ల మంచినీరు వాడతారు. 4 లీటర్లు అనుకుంటే రోజుకు 8 లక్షల లీటర్లు. జల జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఆ ప్రకారం ఇది 14,500 మంది గృహావసరాలకు సమానం. పంట నీటితో పోలిస్తే ఈ పరిమాణం చిన్నది; అయితే ఇది ఒకే చోట, ప్రతిరోజూ, కరువు ఏడాదిలోనూ కావాలి. భైరవానితిప్పకు వచ్చే నీరు ఎగువన కర్ణాటకలో పడే వానలపై, వేదవతిపై 1907లో పూర్తయిన వాణీవిలాస సాగర్ వంటి కట్టడాలు దాటి వచ్చే ప్రవాహంపై ఆధారపడుతుంది. ఆ నీరు రాని ఏడాది కర్మాగారం బోర్లవైపు చూస్తుంది. అదే ఏడాది ఊరు కూడా బోర్లవైపే చూస్తుంది. కృష్ణా జలాలను జీడిపల్లి నుంచి భైరవానితిప్పకు ఎత్తిపోసే పథకం పూర్తయితే పరిస్థితి మారవచ్చు. అప్పుడు కూడా ఆ నీటిలో మొదటి హక్కు ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) గింజ ధర క్వింటాలుకు 2,600 రూపాయలైతే, మిగతా అంకెలు మారకపోతే, లీటరుకు లాభమా, నష్టమా?
ఆ) రోజుకు 60 వేల లీటర్ల కర్మాగారానికి రోజుకు ఎంత గింజ, ఎంత నీరు కావాలి?

6. పర్యావరణం, ప్రజల సమ్మతి

ఇథనాల్ కర్మాగారాలు వ్యర్థజలాన్ని ఆవరణ దాటనీయకుండా శుద్ధి చేసి తిరిగి వాడుకోవాలి. దీనిని శూన్య వ్యర్థజల విధానం అంటారు. యంత్రాలు సక్రమంగా నడిచినంతకాలం ఇది సాధ్యమే. ఆవిరి యంత్రం ఆగినా, ఖర్చు తగ్గించుకోవాలని చూసినా ఇబ్బంది మొదలవుతుంది. పులిసిన వాసన, బాయిలర్ పొగ, బూడిద, లారీల రద్దీ తక్కిన సమస్యలు.

2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇంధన ఇథనాల్ మాత్రమే తయారుచేసే, శూన్య వ్యర్థజల విధానం పాటించే ప్రాజెక్టులను పరిమిత కాలానికి ‘బి2’ వర్గంలో పరిశీలించడానికి అనుమతించింది. ఈ వర్గానికి బహిరంగ విచారణ అవసరం లేదు. అనుమతులు త్వరగా వచ్చాయి. కానీ ఊరివాళ్ల సందేహాలు వినే వేదిక లేకుండా పోయింది. నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరులో వాసన, వ్యర్థజలాలపై జరిగిన ఆందోళన 2023 అక్టోబరులో ఘర్షణకు దారితీసింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ప్రజలు రహదారిని దిగ్బంధించడంతో నిర్మాణ పనులు ఆపాలని ప్రభుత్వం ఆదేశించింది. విచారణ తప్పించడం వల్ల ఆదా అయిన కాలం, తరువాత వివాదాల్లో ఖర్చయిందని ఈ ఉదాహరణలు సూచిస్తున్నాయి.

దాణాకు సంబంధించి మరో హెచ్చరిక అవసరం. సరిగా ఆరని మొక్కజొన్నపై, వేరుశనగపై పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడుదల చేస్తుంది. పులియబెట్టినా, మరిగించినా ఇది పూర్తిగా పోదు. గింజలోని పిండి పదార్థం తొలగిపోయి బరువు మూడో వంతుకు తగ్గినప్పుడు, మిగిలిన దాణాలో ఈ విషం సాంద్రత దాదాపు మూడు రెట్లవుతుంది. అందువల్ల బూజు పట్టిన గింజ తిండికి పనికిరాకపోయినా ఇథనాల్‌కు పనికొస్తుందనే మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. ఆ గింజ నుంచి వచ్చిన దాణాను పరీక్షించకుండా పశువులకు వేయరాదు.

7. మెట్ట ప్రాంతానికి వేరే దారి ఉందా?

నీరు తక్కువ కావలసిన పంట నుంచి ఇథనాల్ తీయాలనే ఆలోచన మన ప్రాంతంలోనే జరిగింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తోడ్పాటుతో, అప్పటి మెదక్ జిల్లాలో 2007లో రుస్ని డిస్టిలరీస్ తీపి జొన్న కాండం రసం నుంచి ఇథనాల్ తయారీ ప్రారంభించింది. జొన్న గింజ రైతు తిండికి, కాండం రసం ఇంధనానికి, పిప్పి పశువులకు అన్నది దాని ఆకర్షణ. కానీ కోసిన కాండాన్ని ఒకటి రెండు రోజుల్లో పిండకపోతే చక్కెర తగ్గిపోతుంది. పంట ఏడాదిలో కొద్ది నెలలే దొరుకుతుంది. మిగతా కాలం యంత్రాలు ఖాళీ. ఈ కారణాల వల్ల ఆ నమూనా వాణిజ్యపరంగా నిలదొక్కుకోలేదు. మొక్కజొన్న గింజను ఆరబెట్టి నెలల తరబడి నిల్వ చేయగలగడమే పరిశ్రమకు దానిపై మక్కువ కలగడానికి కారణం. అంటే పంటకు నీరు తక్కువ కావడం ఒక్కటే చాలదు; ముడిసరుకు నిల్వ ఉండే గుణం కూడా అంతే ముఖ్యం.

గుమ్మఘట్ట వంటి మండలానికి ఈ పరిశ్రమలో వాటా లేదని కాదు. బోరు, కాలువ వసతి ఉన్న రైతు తన పొలంలో కొంత భాగం మొక్కజొన్న వేసి, 14 శాతం లోపు తేమకు ఆరబెట్టి, ఎక్కడి కర్మాగారానికైనా అమ్ముకోవచ్చు. ఆరబెట్టే కళ్లాలు, తేమ కొలిచే పరికరం, గోదాము, రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా ఉమ్మడి అమ్మకం వంటి వాటికి కర్మాగారమంత పెట్టుబడి గానీ, నీరు గానీ అక్కరలేదు. కరువు ప్రాంతం నీటిని కర్మాగారానికి ఇవ్వడం కంటే, ఎండను ఉపయోగించి మంచి గింజను ఇవ్వడం తేలిక.

8. సారాంశం

మొక్కజొన్నలోని పిండి పదార్థం ఎంజైముల ద్వారా చక్కెరగా, ఈస్ట్ ద్వారా ఇథనాల్‌గా మారుతుంది. టన్నుకు సుమారు 380 లీటర్ల ఇథనాల్, 300 కిలోల దాణా వస్తాయి. ఇథనాల్ ధర నిర్ణీతం, గింజ ధర చలనం కావడం వల్ల మిగులు పల్చగా ఉంటుంది. దాణా ధర దానిని నిలబెడుతుంది లేదా పడగొడుతుంది. రోజుకు 2 లక్షల లీటర్ల కర్మాగారానికి 86 వేల ఎకరాల పంట, 8 లక్షల లీటర్ల నీరు కావాలి. గుమ్మఘట్ట వనరులు ఆ స్థాయికి చాలవు. కర్మాగారం వస్తే ఎన్ని ఉద్యోగాలొస్తాయని అడగడం న్యాయమే. దానితోపాటు గింజ ఎక్కడి నుంచి వస్తుంది, కరువు ఏడాదిలో నీరు ఎక్కడి నుంచి వస్తుంది, వ్యర్థజలాన్ని ఎవరు తనిఖీ చేస్తారు అనే మూడు ప్రశ్నలకు కూడా అంకెలతో జవాబు రాబట్టడం పౌరుల బాధ్యత.

9. కీలక పదాలు

స్వేదనం: మరుగు ఉష్ణోగ్రతల తేడా ఆధారంగా ద్రవాలను వేరు చేయడం.
అణు జల్లెడ: నీటి అణువులను పట్టి ఉంచి, ఇథనాల్ అణువులను వదిలే పదార్థం.
డీడీజీఎస్: ఇథనాల్ తీసిన తరువాత మిగిలిన పదార్థాన్ని ఆరబెట్టగా వచ్చే దాణా.
శూన్య వ్యర్థజల విధానం: వ్యర్థజలాన్ని ఆవరణ దాటనీయకుండా శుద్ధి చేసి మళ్లీ వాడే పద్ధతి.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పొడి మర పద్ధతిలో మొక్కజొన్న నుంచి ఇథనాల్ తయారయ్యే దశలను వివరించండి.
2. ఇథనాల్ కర్మాగారం లాభనష్టాలను నిర్ణయించే అంశాలను లెక్కలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తీపి జొన్న నమూనా నిలవకపోవడానికి కారణాలు ఏవి?
2. దాణాలో అఫ్లాటాక్సిన్ సాంద్రత ఎందుకు పెరుగుతుంది?

III. అభ్యాసం: మీ మండలంలోని సాగునీటి ఆయకట్టు, సగటు వర్షపాతం వివరాలు సేకరించి, 5వ భాగంలోని పద్ధతిలో లెక్క వేసి, మీ అభిప్రాయాన్ని ఒక పేజీలో రాయండి.